ఉసేనప్ప కోర పన్ను

కర్నూలు రాజధాని అయిన రెండో ఏట, కోడుమూరులో మోటారు బండ్లు బాగుచేసే ఉసేనప్ప నోట్లో మొత్తం తొమ్మిది పండ్లు మిగిలి ఉండేవి. వాటిలో ఎనిమిది దవడల చివర, పరుల కంట పడకుండా, జొన్నరొట్టె నమిలే పనిలో ఉండేవి. తొమ్మిదోది పైవరుసలో ఎడమ వైపు కోర పన్ను. అది నమలదు, కొరకదు, నవ్వితే అందంగా కూడా ఉండదు. అయినా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని సంపాదనతోనే. ఒక మనిషి కథను పన్ను దగ్గర మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. కానీ ఆ మనిషి బతుకంతా ఆ పన్ను మీదే ఆని ఉన్నప్పుడు వేరే చోట మొదలుపెట్టడం అబద్ధమవుతుంది.

ముందు పేరు సంగతి. ఉసేనప్ప తల్లికి మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోసారి పీర్ల పండక్కి పీరు ముందు చక్కెర చదివించి, ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని మొక్కుకుంది. బిడ్డ నిలిచాడు. మా వైపు ఇలాంటి ఉసేనప్పలు ఊరికి నలుగురైనా ఉంటారు. శనివారం ఆంజనేయస్వామికి టెంకాయ కొడతారు, పీర్ల పండక్కి గుండం చుట్టూ అలాయి ఆడతారు. దేవుళ్ళిద్దరిలో ఎవరూ ఇంతవరకూ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

బళ్ళారి రోడ్డు పక్కన నాలుగు రాతి కూసాలు, వాటి మీద రేకులు, కింద నాపబండలు. అదే అతని షెడ్డు. రాజధాని వచ్చి కర్నూలులో ఆఫీసులకు గుడారాలు వేసుకున్నప్పటి నుంచి ఆ రోడ్డుకు తీరిక లేకపోయింది. అర్జీలు పట్టుకున్నవాళ్ళు, కంట్రాక్టులు పట్టుకోవాలనుకున్నవాళ్ళు, ఎవరో ఒకరిని పట్టుకుంటే చాలనుకున్నవాళ్ళు, అందరూ కార్లలోనే పోయేవాళ్ళు. ఆ కార్లు తెల్లదొరలు వాడి వదిలేసినవి. ఒక్కొక్కటి నలుగురు యజమానులను చూసింది. బయట రంగు వేయించి వయసు దాచవచ్చు గానీ, గేర్‌బాక్సు మాత్రం ఎక్కడ గుట్ట ఎక్కాల్సి వచ్చినా నిజం చెప్పేసేది.

ఆ నిజం వినడంలో ఉసేనప్పను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చప్పుళ్ళకు అతను పెట్టుకున్న పేర్లు వేరు. గేరు మార్చేటప్పుడు మాత్రమే బర్రుమంటే అది "నూరుడు". తప్పు గేరుది కాదు, క్లచ్చి సరిగ్గా వదలడం లేదు. ఏ గేరూ వేయకుండా నిలబెట్టినప్పుడు గురగురలాడి, క్లచ్చి తొక్కగానే నోరు మూసుకుంటే "సణుగుడు". ముందు వైపు బేరింగు అరిగింది. అన్ని గేర్లలోనూ సన్నగా రాగం తీస్తే "ఏడుపు". ఏడిచే బండిని విప్పడానికి వచ్చినవాళ్ళను అతను ముందు నూనె పోయమనేవాడు. "ఆకలికి ఏడ్చే బిడ్డకు మందెందుకప్పా?" అనేవాడు. ఇక ఒకే ఒక్క గేరులో, లెక్కపెట్టినట్టు, టక్కు టక్కుమంటే అది "కొరుకుడు". ఆ గేరు చక్రానికి ఎక్కడో పన్ను విరిగిందన్నమాట.

వినే పద్ధతి ఇంకా వేరు. వెనక చక్రాలు నేల తాకకుండా బండిని రాళ్ళ మీదికి ఎత్తించేవాడు. డ్రైవరును ఎక్కించి ఇంజను ఆడించమనేవాడు. తను మూరెడు పొడుగున్న చింతచేవ పుల్ల తీసుకుని బండి కిందికి దూరేవాడు. పుల్ల ఒక కొన గేర్‌బాక్సు మీద, రెండో కొన కోర పంటి కింద. చేతిలోని స్పానరుతో బండి చట్రం మీద ఒక దెబ్బ కొడితే పైనున్న డ్రైవరు ఒకటో గేరు వేయాలి, రెండు కొడితే రెండోది, మూడు కొడితే మూడోది. కాసేపటికి ఉసేనప్ప బయటికి వచ్చి, పుల్ల తుడుచుకుని, తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద అప్పీలుకు పోయినవాళ్ళు చివరికి అతని దగ్గరికే తిరిగి వచ్చేవాళ్ళు.

ఎవరైనా ఇదేం విద్య అని అడిగితే సిద్ధాంతం సిద్ధంగా ఉండేది.

"గేరుకేముంటాయి?"

"పండ్లుంటాయి."

"నా నోట్లో ఏముండాయి?"

"పండ్లే."

"అంతే మరి. పండ్ల బాధ పండ్లకు తెలుస్తాది గానీ చెవులకేం తెలుస్తాది?"

ఇందులో తర్కం ఉందా లేదా అని ఆలోచించేలోపు బండి బాగయ్యేది. కాబట్టి ఎవరూ ఆలోచించలేదు. ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లు కొందరు తామూ పుల్లలు చెక్కించుకుని సీటు కింద పెట్టుకున్నారు. బండి ఆగిన ప్రతిచోటా నోట్లో పుల్లతో కనబడేసరికి, వాళ్ళు పొద్దుగూకేదాకా పండ్లు తోముకుంటారని పల్లెల్లో పేరు పడింది.

సిద్ధాంతానికి అడుగున అసలు సంగతి ఒకటుంది. ఉసేనప్పకు చెవులు వినబడవు. చిన్నప్పుడు రెండు చెవులూ కారేవి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు, ఆకుపసరు పోశారు, పోయగలిగినవన్నీ పోశారు. పాతికేళ్ళు వచ్చేసరికి, పక్కన నిలబడి బస్సు హారను కొట్టినా దోమ పాడినట్టు ఉండేది. యుద్ధం రోజుల్లో గుంతకల్లు దగ్గర మిలిటరీ లారీల షెడ్డులో పనిచేస్తూ, రెండు చేతులూ ఖాళీ లేక స్క్రూడ్రైవరు నోట కరిచి పట్టుకున్నాడు. దాని కొన ఆడుతున్న గేర్‌బాక్సుకు తగిలింది. తల లోపల ఎవరో దీపం వెలిగించినట్టు, చక్రం చక్రం విడివిడిగా వినబడింది. ఆ రోజు నుంచి సిద్ధాంతం మొదలైంది.

చెవిటివాడని తెలిస్తే చప్పుడు చేసే బండిని ఎవరు ఇస్తారు? అందుకని దాచాడు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేవాడు. మోటారు షెడ్డులో ఎలాగూ అందరూ అరుస్తారు. పట్టు దొరకని ప్రశ్న వస్తే "చూస్తాం లే" అనేవాడు. ఆ రోజుల్లో కర్నూలు గుడారాల్లో కూడా అన్ని ప్రశ్నలకూ అదే జవాబు చెల్లేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

తెలిసిన మనిషి ఒక్కతే, భార్య హులిగెమ్మ. ఉప్పు కావాలన్నా, ఊరికి పోవాలన్నా, పులుసు ఎలా ఉందని అడగాలన్నా ఆమె మూడిండ్ల అవతలికి వినబడేలా అరిచేది. కోడుమూరులో ఆమెకు గయ్యాళి అని పేరు. అంత శాంతమైన మేస్త్రీకి ఇలాంటి పెండ్లాం దొరికిందేమని జాలిపడేవాళ్ళు. ఆ జాలి ఆమె చెవిన పడుతూనే ఉండేది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా ఎందుకు అరుస్తున్నదో ఇరవై ఏళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో కోర పన్ను నొప్పి మొదలుపెట్టింది. మొదట పొద్దున పూట, తర్వాత రెండు పూటలా. దవడ నిమ్మకాయంత వాచింది. ఊళ్ళో డాక్టరు నోరు తెరిపించి, దీపం పెట్టి చూసి, ఇది ఉండకూడదు, పీకించెయ్యి, చీము పైకి ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు.

"చూస్తాం లే సార్," అన్నాడు ఉసేనప్ప.

ఇంట్లో ఆ జవాబు చెల్లలేదు.

"పుచ్చిపోయిన పన్నుకు ఇంత పూజేందయ్యా?" అని అరిచింది హులిగెమ్మ. "పీకి పారేయ్! మూడు దినాలైంది రొట్టె ముట్టి!"

"పీకితే రేపటి నుంచి గేర్‌బాక్సులు నువ్వు వింటావా?"

"పన్నుకూ దానికీ ఏం సంబంధం? ఆ పుల్ల కొరకడం నీకు అలవాటు, అంతే గదా?"

"అలవాటు గాదు మే. నాకుండే చెవు ఇదొకటే. ఇది పోతే నేను ఉట్టి చెవిటోన్ని. షెడ్డు మూసుకోవాల."

బండి అదురును చేత్తో తడిమి పట్టుకుంటాడనుకుని, ఊరివాళ్ళతో పాటు ఆమె కూడా అన్నేళ్ళూ పుల్లను మేస్త్రీ చాదస్తమనే అనుకుంది. ఇప్పుడు అర్థమై నోరు మూసుకుంది. ఆ ఇంట్లో నిశ్శబ్దం వినబడి పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. మర్నాడు ఆమె లవంగ నూనె తెచ్చి, దూదితో పంటికి అద్ది, "జాగ్రత్తగా వాడుకో" అని అరిచింది.

సరిగ్గా ఆ వారంలోనే దేవేంద్రప్ప కారు వచ్చింది.

దేవేంద్రప్ప కోడుమూరు దగ్గర పల్లెలో వేరుశనగ నూనె మిల్లు ఉన్న సావుకారు. మిల్లుకు కరెంటు తెప్పించుకోవాలని ఏడాదిగా కర్నూలులో గది తీసుకుని గుడారాల చుట్టూ తిరుగుతున్నాడు. అతని కారు రెండో గేరులో టక్కు టక్కుమనేది. మామూలు టక్కు కాదు, రోలులో రోకలి పడినట్టు. గుడారాల మధ్య సందుల్లో రెండో గేరులోనే పోవాలి కదా. ఆ చప్పుడు వినగానే లోపలున్న ఆఫీసర్లు "దేవేంద్రప్ప వస్తున్నాడు" అని వెనక గుడ్డ ఎత్తుకుని బయటపడేవాళ్ళు. ఆయన లోపలికి అడుగుపెట్టేసరికి కుర్చీ మాత్రం ఉండేది, ఇంకా వెచ్చగా. కర్నూలు మేస్త్రీలు గేర్‌బాక్సును రెండుసార్లు విప్పి, పన్ను పన్నూ తడిమి చూసి, ఏమీ కనబడక, మొత్తం పెట్టెనే మార్చాలన్నారు. చివరికి ఆయన డ్రైవరు ఏసేపుకు బండినిచ్చి ఉసేనప్ప దగ్గరికి పంపాడు.

ఏసేపు మిషన్ బడిలో చదువుకున్నవాడు. చెప్పింది చెప్పినట్టు చేయడం అక్కడ నేర్చుకుని ఇంకా మరిచిపోలేదు.

"అన్నా, మొగం అట్ల వాచిందేం?" అన్నాడు.

"చూస్తాం లే," అన్నాడు ఉసేనప్ప. నొప్పికి కళ్ళ నీళ్ళు కారుతుంటే ఏసేపు పెదవులు సరిగ్గా కనబడలేదు.

బండి రాళ్ళ మీదికి ఎక్కింది. ఉసేనప్ప కిందికి దూరాడు. ఒక దెబ్బ. ఒకటో గేరు మంచిగా తిరిగింది. రెండు దెబ్బలు. రెండో గేరు పడగానే టక్కు టక్కుమని పుల్ల వెంట వచ్చి సరిగ్గా నొప్పి ఉన్నచోటే తగిలింది. "కొరుకుడే" అనుకున్నాడు. కానీ ఎక్కడిదో ఆనవాలు చిక్కలేదు. ఇంకా గట్టిగా కరిచాడు. ప్రాణం నడినెత్తికి పోయినట్టయి చేతిలోని స్పానరు జారి చట్రం మీద టంగుమని పడింది.

ఏసేపు లెక్కపెట్టాడు. ఒకటి. ఒకటంటే ఒకటో గేరు. రెండులో జోరుగా తిరుగుతున్న బండిని ఉన్నపళంగా ఒకటిలోకి తోశాడు. కారు రాళ్ళ మీద ఒక్క ఎగురు ఎగిరింది. గేర్‌బాక్సు నాలుగు వేళ్ళు కిందికి వచ్చి పైకి పోయింది. పుల్ల దానితో పాటే పోయి వచ్చింది.

ఉసేనప్ప నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని పాక్కుంటూ బయటికి వచ్చాడు.

"ఏమైందన్నా?"

"పన్ను పోయినాది," అన్నాడు గుడ్డలోంచి.

"అట్ల చెప్పు! కర్నూలోల్లు రెండు మార్లు విప్పినా కనుక్కోలేకపోయిరి. యా పక్కదన్నా?"

"పైన. ఎడమది."

"పైన ఎడమది," అని ఏసేపు రెండుసార్లు అప్పజెప్పుకుని, కారు తలుపు వేసి, అప్పుడే వచ్చిన బస్సు ఎక్కి కర్నూలు పోయి సావుకారుకు ఆ మాటే చేరవేశాడు. దేవేంద్రప్ప సంతోషం పట్టలేక మద్రాసులో విడిభాగాలు అమ్మే షాపుకు తంతి కొట్టించాడు. గేర్‌బాక్సులో పైన ఎడమ పన్ను పోయింది, వెంటనే పంపండి అని. మద్రాసు షాపువాళ్ళు ఒక పూటంతా ఆలోచించి ఉంటారు. ఎన్నో గేరుదో తెలపండి అని జవాబు తంతి వచ్చింది.

ఇక్కడ కోడుమూరులో ఉసేనప్ప షెడ్డుకు పోవడం మానేశాడు. దవడ వాపు చాలామటుకు తగ్గింది, నొప్పి పోయింది. అయినా మంచం దిగలేదు. ఊడిన పన్నును కాగితంలో చుట్టి దిండు కింద పెట్టుకున్నాడు. రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగితే పెదవులు కనబడవు కాబట్టి ఎవరేమన్నా చెల్లదు. మిగిలిన దవడ పండ్లతో పుల్ల పట్టి చూడలేదా అంటే, చూశాడు. పుల్ల అంత లోపలికి పోగానే వాంతి వచ్చింది. ఇక తన పని అయిపోయిందని, గేట్లు తెరిచే పనో, కట్టెలు కొట్టే పనో, చెవులతో నిమిత్తం లేనిది ఏదైనా చూసుకోవాలని నిశ్చయించుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం హులిగెమ్మ అతన్ని లేపి అరుగు మీద కూర్చోబెట్టింది. వేడి ఉప్పు మూట దవడకు ఆనించి, పాత చీర పేలికతో తల చుట్టూ కట్టడం మొదలుపెట్టింది. వెనక నిలబడి, ముడి బిగించడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి, తల కదలకుండా గడ్డం అతని నడినెత్తి మీద ఆనించింది. తనలో తాను గొణుక్కోవడం ఆమెకు అలవాటు. గొణుక్కోవడానికి అరవాల్సిన పని లేదు.

"ఈయప్పకు బండ్ల చింతే గానీ నా చింత యాడిది... రేపు నాకేమన్నా అయితే ఈయప్పకు ఎవరు అరిచి చెప్తారు..."

"నీకేమైతాది?" అన్నాడు ఉసేనప్ప.

హులిగెమ్మ చేతులు ఆగిపోయాయి. గడ్డం మాత్రం తీయలేదు.

"ఏమంటివి?"

"నీకేమైతాది అంటి. అట్ల అశుభం మాట్లాడొద్దు."

"నేను అరవలేదే!"

"ఇప్పుడు అరుస్తాండావు. మెల్లగా మాట్లాడు. తల పగిలిపోతాంది."

ఆమె ఇంకా మెల్లగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అడిగింది. "వినబడుతాందా?"

"వినబడుతాంది." తల కదపకుండా అన్నాడు. "నీ గొంతు మారినాది మే. నేను ఆఖరుగా విన్నప్పుడు సన్నగా ఉండె."

"అప్పుడు నాకు పద్దెనిమిది. ఇరవై ఏండ్లు అరిస్తే కోకిల గొంతు ఉంటాదా?" అన్నది గానీ, ఆ మాట పూర్తికాకముందే ఆమె గొంతు ఇంకో రకంగా మారింది. అది కూడా అతనికి వినబడింది.

ఉసేనప్ప అరుగు మీదే కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. నడినెత్తికి పండ్లు లేవు. హులిగెమ్మ గడ్డానికీ లేవు. అయితే ఇన్నేళ్ళు విన్నది పన్ను కాదు, లోపలి ఎముక. సిద్ధాంతకర్తలకు ఇలాంటి ఘడియ చాలా కష్టంగా ఉంటుంది. కొందరు ఎముకను కాదనైనా సిద్ధాంతాన్ని నిలబెట్టుకుంటారు. ఉసేనప్పకు అంత తీరిక లేదు. దవడకు కట్టిన మూటతోనే లేచి షెడ్డు వైపు నడిచాడు.

"అన్నం తిని పో!" అని అలవాటు ప్రకారం అరుస్తూ ఆమె వెంటపడింది. అతను వినలేదు. వినే వీలు లేదు.

ఏసేపు లేడు కాబట్టి ఉసేనప్ప తానే ఇంజను ఆడించి, రెండో గేరు వేసి, హులిగెమ్మను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. తాళంచెవి చూపించి, మూడు దెబ్బలు వినబడితే ఇది తిప్పి ఆపు, అంతవరకూ దేన్నీ ముట్టుకోవద్దు అన్నాడు. గేర్ల సంకేతం ఆమెకు పనికిరాదు కాబట్టి ఆ పూటకు మూడు దెబ్బలంటే ఆపడమే. సావుకారు కారులో ముందు సీట్లో, కొంగు నిండుగా కప్పుకుని, అద్దం వైపు చూస్తూ హులిగెమ్మ కదలకుండా కూర్చుంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. బండి ఎక్కడికీ పోవడం లేదని తెలిసినా, ఇద్దరు పక్కకు తప్పుకున్నారు.

కింద ఉసేనప్ప పుల్లను చెవి వెనక ఎముకకు ఆనించాడు. ముందు గేర్‌బాక్సు మీద పెట్టి విన్నాడు. టక్కు టక్కు వినబడింది, కానీ దూరం నుంచి వచ్చినట్టుంది. పుల్లను అంగుళం అంగుళం జరిపాడు. ఇంతకు ముందెప్పుడూ అలా చేయలేదు. పండ్ల బాధ పండ్లకే తెలుస్తుందన్నప్పుడు పండ్లున్న పెట్టెను వదిలి బయట వెతకడమెందుకు? కర్నూలువాళ్ళు కూడా ఆ లెక్కనే పెట్టెను రెండుసార్లు విప్పారు. ఎముకకు అలాంటి పట్టుదల ఏమీ లేదు. పుల్ల కొన పెట్టె దాటి వెనక్కి, చక్రాల వైపు పోయే పొడుగు ఇరుసు మొదట్లో ఉన్న కీలు మీదికి చేరగానే చప్పుడు నెత్తి మీద మొట్టినట్టు తగిలింది. కీలులో ఒక పక్క సీల అరిగి వదులైపోయింది. రెండో గేరు జోరులో అది కొట్టుకుంటుంటే గేర్‌బాక్సు ఖాళీ డోలులా మోగుతోంది. పండ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

మూడు దెబ్బలు కొట్టాడు. ఇంజను ఆగిపోయింది. పైనుంచి హులిగెమ్మ కాలు మాత్రం కనబడింది. అది ఇంకా కదలడం లేదు.

మర్నాడంతా కూర్చుని సీల సాన బట్టి, ఇత్తడి గొట్టం ఒకటి కోసి లోపల తొడిగి, కీలు బిగించాడు. ఆ మరుసటి పొద్దున బస్సులో దేవేంద్రప్ప, వెనకే ఏసేపు దిగారు. సావుకారు చేతిలో తంతి ఉంది.

"ఉసేనప్పా! ఎన్నో గేరుదప్పా అది? మద్రాసోల్లు అడుగుతాండారు!"

"ఏది సావుకారీ?"

"పన్నప్పా! పోయిన పన్ను! పైన ఎడమదంటివంట గదా!"

ఉసేనప్ప ఒక్క క్షణం ఆయన పెదవులు చూశాడు. తర్వాత నోరు తెరిచి, పైవరుసలో ఎడమ వైపు ఖాళీని వేలితో చూపించాడు. దేవేంద్రప్ప ముందుకు వంగి చూశాడు. తంతి వైపు చూశాడు. ఆ తర్వాత ఏసేపు వైపు చూశాడు. ఏసేపు రేకుల వైపు చూశాడు.

"అంటే నేను మద్రాసుకు తంతి కొట్టింది..."

"నా పన్ను కోసం సావుకారీ. ఇంత మర్యాద ఏ పంటికీ జరిగుండదు."

"థూ నీ..." అని మొదలుపెట్టి, తిట్టవలసినది ఎవరినో తేల్చుకోలేక సావుకారు అటు తిరిగి, వీపు చూపిస్తూ ఏదో గట్టిగా అన్నాడు. ఉసేనప్ప జవాబు చెప్పలేదు. "నీకే చెప్తాండా, పలకవేం?" అని మళ్ళీ అన్నాడు. అయినా పలకలేదు. హులిగెమ్మ షెడ్డులోకి వచ్చి, బండ మీద కూర్చున్న మొగుని వెనక నిలబడి, గడ్డం అతని నెత్తికి ఆనించి ఏదో చెప్పింది. ఆమె పక్కనే ఉన్న దేవేంద్రప్పకు ఒక్క అక్షరం వినబడలేదు.

"ఏం హులిగెమ్మా," అన్నాడు సావుకారు తిరిగి చూసి, "నీకు ఇంత మెల్లగా మాట్లాడేకి వస్తాదా?"

ఈసారి ఆయన పెదవులు కనబడ్డాయి. ఉసేనప్పే చెప్పాడు. దాచడం అతనికి ఇప్పుడు చేతనైన పని కాదు. ఇకనుంచి పుల్లను నోట్లో కాకుండా చెవి వెనక పెట్టాలి, చూసినవాళ్ళంతా చెవి సంగతి అడుగుతారు.

"నాకు చెవులు వినబడవు సావుకారీ. ఇరవై ఏండ్లాయె. మీరు ఇంతకాలం నాతో మాట్లాడిందంతా మీ పెదవులు చూసి పట్టుకుంటి. మీకిష్టం లేకుంటే బండి తీసుకపోండి."

దేవేంద్రప్ప అక్కడున్న రాతి మీద కూర్చున్నాడు. తన కారు చప్పుడు వినమని ఒక చెవిటివానికి ఇచ్చాడన్న సంగతి ఆయన మనసులోకి మెల్లమెల్లగా, రెండో గేరులో దిగింది.

"ఇరవై ఏండ్లా?"

"ఇరవై."

"మరి నా చప్పుడు నీకు వినబడిందా లేదా?"

"మీదా, బండిదా?"

"బండిదే."

"వినబడినాది. పన్ను గాదు. వెనక కీలు. సరిచేసి బిగించినా."

"అయితే సరిపాయె. నాది వినాల్సిన పని నీకేముండాది? నేను చెప్పేదంతా కరెంటు గురించే, కర్నూల్లోనే ఎవడూ వినడు." లేచి పంచె దులుపుకున్నాడు. "పద, ఎక్కు. హంద్రి దాకా పోయొద్దాం. ముందర గాదు, ఎనక నా పక్కన కూసో."

ఉసేనప్ప అంతవరకూ ఎన్నో కార్ల కిందికి దూరాడు గానీ ఏ కారు లోపలి వెనక సీట్లోనూ కూర్చోలేదు. హులిగెమ్మ అతని చేతులకున్న నూనెను తన కొంగుతో తుడిచి పంపింది. ఏసేపు రాళ్ళ మీది నుంచి బండిని దింపి, రోడ్డు ఎక్కించి, ఒకటిలో కదిలించి, చాలా భక్తితో రెండో గేరు వేశాడు.

టక్కుమనలేదు. సన్నని గాలి, టైర్ల కింద కంకర, అంతే. సావుకారు నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాడు. ఉసేనప్ప తల పక్కకు వంచి, చెవి వెనక ఎముకను తలుపు పక్క ఇనుప కమ్మీకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఊరు దాటింది, జొన్న చేన్లు దాటాయి. ఇసుకలో సన్నని పాయగా హంద్రి కనబడింది.

"ఎట్లుండాదన్నా?" అని ఏసేపు ముందు నుంచి అడిగాడు. జవాబు రాలేదు. "అన్నా! బండి ఎట్లుండాది?"

"గమ్మునుండు లే," అన్నాడు దేవేంద్రప్ప, గొంతు తగ్గించి. "ఆయప్ప వింటాండాడు."